స్కోపులో తెల్లబట్టల మనిషి

ఆ సాయంత్రం నా భర్త ఆ తీగ ముట్టుకున్నాడా, లేదా?

రియాజ్ పోయినప్పటి నుంచి ఈ ఒక్క అనుమానాన్ని మోస్తూనే ఉన్నాను. అన్నం వండుతూ మోశాను. నమాజుకు జానిమాజ్ పరిచి కూర్చున్నప్పుడు కూడా దింపలేదు. సజ్దాలో నుదురు నేలకు ఆనించి, "యా అల్లా, క్షమించు" అంటాను. ఎవర్ని క్షమించమంటున్నానో నాకే తెలియదు. తప్పు చేసిన ఆయన్నా, తప్పు చెయ్యని ఆయన్ని అనుమానించిన నన్నా? పైవాడు అన్నీ చూస్తాడంటారు. చూసినవాడు ఒక్క మాట చెప్పడేం అని అడగాలనిపించేది. అడిగితే పాపమేమోనని ఊరుకునేదాన్ని.

ఇంతవరకూ నేను చెప్పింది మీకు గుర్తుండే ఉంటుంది, అయినా మళ్ళీ చెబుతాను. మాది దుర్గికి అవతల, అడవి అంచున ఉన్న ఊరు. కాలవ నీళ్ళతో వరి వేస్తాం. వరి కోతకొచ్చేసరికి అడవిపందులు దిగుతాయి. మా ఆయన అబ్దుల్ మజీద్ కౌలుకు చేసే చేనుకీ, కృష్ణయ్యన్న సొంత చేనుకీ నడుమ ఒకటే గట్టు. ఆ గట్టు వెంట పందుల కోసం ఎవరో ఇనప తీగ లాగి, పైన పోయే కరెంటు లైనుకు తగిలించారు. మా తమ్ముడు జాన్‌సైదా కొడుకు రియాజ్ దుర్గిలో మోటార్లు బాగుచేసేవాడు. మా మోటారు స్టార్టర్ చూడటానికి పొద్దుగూకాక వచ్చి, ఆ తీగ మీద పడి చనిపోయాడు. రమ్మని ఫోన్ చేసింది మా ఆయనే.

ఆ సాయంత్రం పక్క చేలో మంచె మీద భానుప్రకాష్ పందుల కోసం కాపు కాస్తున్నాడు. చీకట్లో చూసే స్కోపు అతని దగ్గర ఉంది. "గట్టు మీద తెల్లబట్టల మనిషి వంగి తీగ సర్దటం చూశా" అని పోలీసులకు చెప్పాడు. స్కోపును బైనాక్యులర్ అన్నాడు. అది బిగించి ఉన్న నాటు తుపాకి మాట ఎత్తలేదు. మా ఊళ్ళో తెల్ల లాల్చీ, తెల్ల లుంగీ తప్ప వేరే బట్ట కట్టనిది మా ఆయన ఒక్కడే. కేసు ఆయన మీద పడింది.

"నేను కాలవ తూము దగ్గరున్నా. మగ్రిబ్ నమాజు అక్కడే ఒక్కణ్ణే చదువుకున్నా" అంటాడు ఆయన. చూసినవాళ్ళు లేరు. అంతకు కొద్దిరోజుల ముందు పందులు మడి కుమ్మేసిపోతే, "కరెంటు పెడితేగాని ఇయ్యి మాట ఇనవు" అని ఆయనే అన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. పోలీసులకు చెప్పలేదు. మర్చిపోనూ లేదు.

రేపు గురజాల కోర్టులో వాయిదా. "నేరం ఒప్పేసుకుంటే చిన్న శిక్షతో తెమిలిపోద్ది" అని లాయరు చెప్పాడు. ఆ లాయర్ని కుదిర్చింది కృష్ణయ్యన్నే. మా ఆయన సరేనన్నాడు. "అలిసిపోయా జైనాబ్" అన్నాడు, అంతే. చెయ్యని తప్పయినా అలిసిపోయినవాడు ఒప్పుకుంటాడు, చేసినవాడూ అలిసిపోయి ఒప్పుకుంటాడు. ఆయన ముఖం చూస్తే ఏది నిజమో తెలియలేదు. మగ్రిబ్ నమాజు కాగానే, తమ్ముడి భార్యను చూసొస్తానని అబద్ధం చెప్పి, కూతురు ఫాయిజాను వెంటబెట్టుకుని చేలల్లోకి బయల్దేరాను. భానుప్రకాష్ ఏం చూశాడో నేనూ చూడాలి.

మంచు అప్పుడే దిగుతోంది. ఫాయిజా నల్ల బురఖాలో నా పక్కనే నడుస్తున్నా, ఫోను వెలుగు ఆర్పితే పిల్ల కనపడటం లేదు. ఉమ్మడి గట్టు దగ్గరకు వచ్చాక ఆగిపోయింది.

"ఇంక నేను రాను. ఆ తుపాకి దగ్గరకి అసలే రాను. ఇక్కడే ఉండి రియాజ్ భాయికి ఫాతెహా చదువుకుంటా, నువ్వు పోయిరా" అంది.

మంచె కిందకు చేరేసరికి పైనుంచి గొంతు వినపడింది. "ఎవురది? ఆ లైటు ఆపండి ముందు."

"నేనే భానూ, జైనాబ్ పిన్నిని."

"పిన్నీ! ఏంది, ఈ చీకట్లో? పందులు దిగే టైము. నీ అలికిడికి అన్నీ అడివెక్కుతాయి."

"ఎక్కనీ. నీ వరి కోసి బస్తాలు కూడా ఇంటికి చేర్చావంటగా. ఇంక అవి మేసేదేముంది నీ చేలో?"

 మంచె కర్రకు వేలాడుతున్న గోతాం నుంచి పచ్చి నెత్తురు వాసన వస్తోంది. చేను కోసం మొదలుపెట్టిన కాపు ఇప్పుడు కూర కోసం సాగుతోందని, ఆ పంది మాంసం కొనటానికి మాచర్ల నుంచి కార్లు వస్తాయని ఊళ్ళో అందరికీ తెలుసు. మాట్లాడేవాళ్ళే లేరు.

"పైకి వస్తున్నా, చెయ్యి ఇయ్యి."

"నువ్వా? నిచ్చెన మెట్లు ఊగుతున్నయి పిన్నీ, పడతావు."

"పడితే నీ పందుల పక్కన పడేయి. చెయ్యి ఇయ్యమంటే."

లాగాడు. మంచె మీద గడ్డి, దుప్పటి, నీళ్ళ సీసా, పక్కన పొడుగ్గా ఆ తుపాకి. దాని వీపు మీద నల్లటి గొట్టం లాంటిది బిగించి ఉంది. ఇదా, నా ఇంటిని ఇన్నేళ్ళు కాల్చుకుతిన్నది?

"ఆ రోజు ఏం చూశావో అది నాకు చూపించు" అన్నాను.

"మళ్ళీ అదే మాటా? ఏం చూశానో అదే చెప్పా. మజీదు బాబాయంటే నాకేమన్నా పగా? చిన్నప్పుడు ఆయన సైకిల్ మీదే గదా బడికి పోయింది. తెల్లబట్ట కనపడింది, తెల్లబట్ట అన్నా. పేరు కూడా చెప్పలే నేను. పేరు మీరందరూ పెట్టుకున్నారు."

అది నిజమే. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

"చూపియ్యి, భానూ. రేపు ఆయన ఒప్పుకుంటాడంట. నా కళ్ళతో ఒక్కసారి చూస్తే, నాకొక తీరు తెలుస్తది. చూడకుండా ఎట్టా బతికేది ఇంక?"

అతను గొణుక్కుంటూ తుపాకి అందుకున్నాడు. "స్కోపు ఊడదియ్యను. ఊడదీస్తే మళ్ళీ గురి కుదరదు. తుపాకితోనే చూడాల. మందు కూరలేదులే, భయపడమాక."

భయం దానికి కాదు. పంది నెత్తురు అంటిన చేతులతో పట్టుకున్న తుపాకి అది. నమాజు చేసి వచ్చినదాన్ని. ఇంటికి పోయి స్నానం చేసి ముఖం, కాళ్ళూ చేతులూ కడిగి మళ్ళీ వజూ చేసుకుంటాను, అల్లాకు తెలియదా అనుకుని, బిస్మిల్లా చెప్పుకుని, దాని వెనక కూర్చున్నాను. అతను ఏదో మీట నొక్కాడు. గొట్టం ముందు చిన్న ఎర్ర చుక్క వెలిగింది, అంతే, బయట చీకటి చీకటిగానే ఉంది. కన్నుకు రబ్బరు తగిలింది.

లోపల పగలు.

పగలంటే మన పగలు కాదు. రంగులేని పగలు. చచ్చిపోయిన ఊరికి పొద్దు పొడిస్తే ఇట్టా ఉంటుందేమో. కోసిన వరి మొదళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు కనపడుతున్నాయి. దూరంగా కుందేలో ఏమో, రెండు కళ్ళు నిప్పుల్లా మెరిసి ఆరిపోయాయి. పాపం, దానికి మేం కనపడం. చీకటి తనకు కాపు అనుకుంటోంది. రాత్రిని జీవాలకు తెరగా ఇచ్చాడు దేవుడు. ఆ తెర కూడా కొనుక్కుని చింపుతున్నాం గదా మనం.

"కొంచెం ఎడం పక్కకి తిప్పు. అదిగో, ఆ గట్టు మీదే" అన్నాడు భాను.

తిప్పాను. గట్టు కనపడింది. గట్టు మీద ఒక మనిషి నిలబడి ఉంది. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి బట్ట. మొహం వంచుకుని, చేతులు రెండూ ముందుకు చాచి ఉంది.

కఫన్. నా నోట్లోంచి వచ్చిన కేక నాకే వినపడలేదు. రియాజ్‌కు మట్టి చేసేముందు మేం కట్టిన కఫన్ గుడ్డ ఆ గట్టు మీద లేచి నిలబడి ఉంది.

"ఏమైంది పిన్నీ? ఏంది?"

"అమ్మీ!" గట్టు మీది నుంచి ఫాయిజా అరిచింది. తెల్లబట్టల మనిషి తలెత్తి మా వైపు పరిగెత్తింది. ఆ పరుగు నాకు తెలుసు.

తుపాకి వదిలేశాను. వట్టి కళ్ళతో చూస్తే అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. మళ్ళీ కన్ను ఆనించాను. తెల్లటి మనిషి. తల తీశాను. చీకటి.

"భానూ, నా కూతురు ఏ రంగు కట్టింది?"

"నల్ల బురఖా గదా. ఎప్పుడూ అదేగా."

"చూడు."

అతను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత స్కోపును టీషర్టు అంచుతో తుడిచి మళ్ళీ చూశాడు.

"ఇదేందిది" అన్నాడు మెల్లగా. "నల్లగా ఉండాలే. పందులు నల్లగానే కనపడతయి. టైర్లు నల్లగానే కనపడతయి. గుడ్డలు... గుడ్డల సంగతి నేనెప్పుడూ చూడలే పిన్నీ. మనుషుల మీద ఎందుకు పెడతా దీన్ని?"

ఫాయిజా మంచె కిందకొచ్చి రొప్పుతోంది. "ఏంటి నామీద గురిపెట్టారా? సిగ్గులేదూ?"

"మందు లేదు చెల్లే."

"మందు లేదంట! పగలు సరిగ్గా కనపడనోడికి రాత్రి కళ్ళజోడొకటి. నిన్ను నమ్మి కేసు రాసినోళ్ళని అనాలి."

 భాను తను వేసుకున్న నల్ల టీషర్టు విప్పి మంచె దిగి, కొంచెం దూరం పోయి ఒక కర్రకు తగిలించి వచ్చాడు. చలికి వణుకుతూ స్కోపులో చూశాడు. చూసి, నన్ను చూడమన్నట్టు పక్కకు జరిగాడు. కర్ర మీద తెల్ల జెండా ఎగురుతున్నట్టుంది. ఈ యంత్రం విసిరే వెలుతురు మన కంటికి అందేది కాదు, దాని ముందు అద్దకం రంగులు నిలవటం లేదు. తెల్లది తెల్లగానే ఉంది. నల్లదీ తెల్లగానే ఉంది.

అప్పుడే కింద నీళ్ళలో అడుగుల చప్పుడైంది. భుజం మీద పార పెట్టుకుని మా తమ్ముడు జాన్‌సైదా నిలబడి ఉన్నాడు. కింది మడికి నీళ్ళు కట్టుకుంటూ నా కేక విని వచ్చాడు. కొడుకు పోయిన దగ్గర్నుంచి నా ఇంటి గడప తొక్కనివాడు. నన్ను చూసి తల తిప్పుకోబోయాడు.

"సైదా, రా. నువ్వూ చూడు" అన్నాను.

"ఏం చూడాల? నా కొడుకు పడ్డ చోటా? రోజూ చూస్తన్నా."

"ఒకసారి చూడు మామా" అన్నాడు భాను. ఆ గొంతులో ఏముందో గాని, మా తమ్ముడు పార కింద పెట్టి నిచ్చెన ఎక్కాడు. ముందు కర్ర మీది టీషర్టును చూపించాం, తర్వాత ఫాయిజాను దూరంగా నిలబెట్టి చూపించాం. అతను స్కోపు మీంచి కన్ను తియ్యలేదు.  చదువుకోనివాడు, నాకన్నా చిన్నవాడు, అయినా విషయం మా ఇద్దరికన్నా ముందు అతనికే అర్థమైందనుకుంటా. మేమింకా రంగుల దగ్గరే ఉంటే, అతను నేల వైపు పోయాడు.

"భానూ. ఆ రోజు గట్టు మీది మనిషి కాళ్ళు చూశావా?"

"కాళ్ళా?"

"చెప్పులున్నయ్యా, లేవా?"

భాను కళ్ళు మూసుకున్నాడు. "లేవు. లేవు మామా. నాకు బాగా గుర్తు. ముళ్ళు గుచ్చుకున్నట్టు ఎగిరెగిరి అడుగేశాడు. తర్వాత చెక్క ఏదో కింద ఏసుకుని దాని మీద నిలబడి తీగ తగిలించాడు."

"ఇది పోలీసులకి చెప్పావా?"

"బట్టలేంటి అనడిగారు, చెప్పా. కాళ్ళ సంగతి ఎవురూ అడగలే."

జాన్‌సైదా తుపాకిని గడ్డి మీద ఆనించాడు. "కరెంటు లైనుకు తీగ తగిలించేవాడు రబ్బరు చెప్పులు లేకుండా పోతాడా? ఇంట్లో మరిచిపోయి వచ్చుంటాడా? చెక్క తెచ్చుకోటం గుర్తున్నవాడు చెప్పులు మరిచిపోతాడా? ఏసుకోకూడదు కాబట్టి ఏసుకోలా."

 ఎక్కడో తీతువు అరుస్తూ పోయింది. రియాజ్ పోయింది కార్తీకంలో. అయ్యప్ప మాల వేసినవాళ్ళు నల్లబట్టలు కట్టి, చెప్పులు మానేసే రోజులు. మా ఊళ్ళో మాల వేసేవాళ్ళు చానామందే ఉన్నారు. కాని ఆ గట్టు పక్కన చేనున్నవాడు ఒక్కడే. మాలలో ఉన్న మనిషి చీమకు కూడా హాని తలపెట్టడు కదా, అందుకే అటు వైపు ఎవరి చూపూ పోలేదు. చీకట్లో నల్లబట్ట ఎవరికీ కనపడదు కదా, అందుకే తెల్లబట్టనే వెతికాం.

కృష్ణయ్యన్న.

మాల తప్పని నేననను. భక్తి ఎవరిదైనా భక్తే. ఏటా శబరిమల పోయొచ్చి, "ఎరుమేలిలో వావరు మసీదు దగ్గర మీ కోసం మొక్కుకున్నా చెల్లెమ్మా" అని విభూతి పొట్లం నా చేతిలో పెట్టే మనిషి ఆయన. ఆ పొట్లాలన్నీ అల్మారాలో దాచి ఉంచాను. ఆయన ఆ మొక్కు ఎవరి కోసం మొక్కాడో ఇప్పుడు అడగాలనిపించింది. పందులను ఆపుదామనే పెట్టి ఉంటాడు. పిల్లాడు చావాలని ఎవరు కోరుకుంటారు? కానీ పిల్లాడు పడ్డాక? మా ఆయన చేతికి బేడీలు పడ్డాక? లాయర్ని కుదిర్చి, "ఒప్పేసుకో మజీదూ" అని పక్కన కూర్చుని చెప్పటానికి మనిషికి ఎంత గట్టి గుండె ఉండాలి? లేక ఆ గుండె కూడా రోజూ నాలాగే నలుగుతోందా? నాకు తెలియదు. తెలియదు అనే మాటను ఇన్నాళ్ళూ ఒక మనిషి వైపే తిప్పి పెట్టాను.

"భానూ, రేపు గురజాల రా. ఈ స్కోపు తీసుకురా. జడ్జిగారికి చూపియ్యి" అన్నాను.

అతను తుపాకి మీద దుప్పటి కప్పాడు. "స్కోపు దేని మీద పెట్టావంటారు పిన్నీ. తుపాకి అడుగుతారు. ఫారెస్టోళ్ళు వస్తారు. ఈ గోతాంలో ఏముందో చూశావుగా. నేను లోపలికి పోతా. నాకూ చంటిపిల్ల ఉంది."

"మా నాన్నకు పిల్లలు లేరా?" అంది ఫాయిజా కింద నుంచి.

"నేను రాను" అన్నాడు భాను. గట్టిగా అనలేదు. తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు.

జాన్‌సైదా నిచ్చెన దిగుతూ ఆగాడు. "రామాక. చంటిపిల్లనే చూసుకో. నాకూ ఒకడు చంటిపిల్లోడుగా ఉండేవాడు." అని దిగి, పార అక్కడే వదిలేసి, మా ఊరి వైపు నడిచాడు.

మేం వెనకే పోయాం. అతను తన వీధికి తిరగలేదు. తిరుగుతాడని నేను సందు దగ్గర ఆగాను కూడా. తిన్నగా మా ఇంటి వైపే పోయాడు.

వాకిట్లో లైటు వెలుగుతోంది. మా ఆయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కృష్ణయ్యన్న. నల్ల పంచె, భుజం మీద నల్ల కండువా, నుదుట గంధం, మెడలో మాల. ఈ ఏడు కూడా వేశాడు. చేతిలో మేమిచ్చే టీ గ్లాసే. నేను ఆయన కాళ్ళ వైపు చూడకుండా ఉండటానికి గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డాను.

"రేపు పెందలాడే ఆటో వస్తది మజీదూ" అని చెబుతున్నాడు. "జడ్జిగారు అడిగితే అవునండీ అను, అంతే. ఎక్కువ మాట్టాడమాక. అంతా ఆ స్వామే చూసుకుంటాడు." అప్పుడు గేటు దగ్గర మమ్మల్ని చూశాడు. మా తమ్ముణ్ణి చూసి నవ్వు తెచ్చుకున్నాడు. "ఏంది సైదా, దారి తప్పి వచ్చావా ఇట్టా?"

జాన్‌సైదా గేటులోనే ఆగాడు. కృష్ణయ్యన్న నవ్వు అట్టాగే ఉండి, కాసేపటికి సడలింది. నా ముఖం చూశాడు, ఫాయిజా ముఖం చూశాడు. గ్లాసు కింద పెట్టబోతే టీ తొణికి పంచె మీద పడింది. కుర్చీలోంచి లేచాడు. పోవటానికి లేచాడో, ఏదన్నా చెప్పటానికి లేచాడో తెలియలేదు. గేటుకు అడ్డంగా మా తమ్ముడు నిలబడి ఉన్నాడు.

రియాజ్‌ను మట్టి చేసి వచ్చిన దగ్గర్నుంచి ప్రతి శుక్రవారం జుమ్మాకీ మసీదు మెట్ల దగ్గర మా ఆయన జాన్‌సైదాకి సలాం చెబుతూనే ఉన్నాడు. ఒక్కసారీ బదులు రాలేదు. సలాం చెప్పటం మన ఇష్టం, బదులివ్వటం మాత్రం మన మీద బాకీ అని మా అక్కాతమ్ముళ్ళిద్దరికీ చిన్నప్పుడు నేర్పింది మా అమ్మే. అయినా తల తిప్పుకుని పోయేవాడు.

ఆ పూట మా ఆయన సలాం చెప్పలేదు. మంచం మీంచి లేవటానికి కూడా భయపడుతున్నట్టు చూస్తున్నాడు, అంతే.

జాన్‌సైదా కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"వ అలైకుముస్సలాం, బావా" అన్నాడు.